కొట్టు నిలబడింది, ఎవరి మీద?

సువర్ణరేఖ, ఖర్కాయి కలిసేచోటుని జంషెడ్‌పూర్‌లో దోముహానీ అంటారు. ఆ సంగమాన్ని ఆనుకుని ఉన్న పేట సోనారి. చిన్న విమానాశ్రయం, కంపెనీ క్వార్టర్లు, వాటి మధ్యా వెనకా బస్తీలు. శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి టాటా కంపెనీ పనికి వచ్చిన తెలుగువాళ్లు తరాలుగా ఈ ఊళ్లో ఉన్నారు. కద్మాలో ఆంధ్రా అసోసియేషన్, బిష్టుపూర్‌లో రామమందిరం వాళ్లవే. వచ్చినవాళ్ల పిల్లలందరూ కొలిమి దగ్గరికే వెళ్లలేదు. కొందరు కొట్లు పెట్టారు.

ఈ సంవాదంలో ఇద్దరూ అలాంటివాళ్లే. ఒకరిది కిరాణా కొట్టు, ఇంకా నడుస్తోంది. ఇంకొకరిది బట్టల దుకాణం, 2021లో మూసేశారు. బట్టలాయన చెల్లెలే కిరాణా ఆయన భార్య. మనుషులు నేను కల్పించినవాళ్లు. వాళ్లు చెప్పుకునే వరదలు, మూతలు, సర్కారు ఉత్తర్వులు మాత్రం జరిగినవే. కష్టకాలంలో చిన్న వ్యాపారి ఎలా నిలదొక్కుకున్నాడో చెప్పే వ్యాసాలకి కొదవ లేదు. వాటిలో మూసేసినవాడి గొంతు వినబడదు. అందుకని ఇక్కడ ఆయనకి కాస్త ఎక్కువ జాగా ఇచ్చాను, అది పక్షపాతం అనుకున్నా సరే.

కిరాణా బావ: ఎన్ని దెబ్బలు బావా! నోట్ల రద్దు, జీఎస్టీ, టాటా మోటార్స్ మూతలు, కరోనా, యాస్ వరద. ఐదేళ్లలో ఐదు. కొట్టు తలుపు మాత్రం మూయలేదు. ఏటి కారణం? ఖాతా పుస్తకం. జనానికి నేను ఉధార్ ఇచ్చాను, జనం నన్ను వదల్లేదు. అంతకి మించి రహస్యమేటీ లేదు.

బట్టల బావ: నేనూ ఇచ్చాను ఉధార్. నా పుస్తకం నీ పుస్తకం కన్నా లావు. ఇప్పుడు నా షట్టరు మీద మొబైల్ కవర్ల బోర్డుంది. పుస్తకమే కాపాడేదైతే నన్నెందుకు కాపాడలేదు?

కిరాణా బావ: నీ ఉధార్ వేరు. పెళ్లికి పట్టుచీర అరువిస్తే ఆ మనిషి మళ్లీ కనబడేది ఇంకో పెళ్లికే. నా దగ్గరికి రేపొద్దున పాల పాకెట్‌కి రావాలి. బాకీ ఉన్నవాడు ఏ-షిఫ్టుకి పోయినా, సి-షిఫ్టు నుంచి వచ్చినా నా గుమ్మం ముందు నుంచే. ఆ మొహమాటమే నాకు తాకట్టు.

బట్టల బావ: మొహమాటం లేనివాడో?

కిరాణా బావ: వాడికి ఇవ్వను. నా లెక్క నాకుంది. పర్మినెంటు వాడికి జీతం రోజు దాకా. ఠేకా కూలీకి వారం సరుకు. దాటితే పుస్తకం మూసి, ముందు పాతది కట్టు అంటాను. తిట్టుకుంటారు, మళ్లీ వస్తారు.

బట్టల బావ: లెక్క అన్నావు కాబట్టి లెక్కే చూద్దాం. అన్ని సరుకులూ కలిపి నీకు నూటికి ఎంత మిగులుతుంది?

కిరాణా బావ: ఎనిమిది అనుకో. బియ్యం, పంచదారల మీద అదీ రాదు. సబ్బులు, బిస్కట్లు కాస్త పైకి లాగుతాయి.

బట్టల బావ: ఒకడు వెయ్యి రూపాయలు ఎగ్గొట్టి ఊరెళ్లిపోయాడనుకో. ఆ వెయ్యి పూడాలంటే నువ్వు పన్నెండున్నర వేల సరుకు అమ్మాలి. ఒక్కడికి. అలా వెళ్లిపోయినవాళ్లు ఎంతమందో ఎప్పుడైనా కూడి చూశావా?

కిరాణా బావ: కూడితే మర్నాడు కొట్టు తెరవాలనిపించదు బావా. అయినా పోయినవే చెప్తావేటి, తిరిగొచ్చినవీ చూడు. 2016 నవంబరు 8 రాత్రి నోట్ల రద్దు అన్నారు. ఆ వారంలో నా కొట్టు ముందు జరిగింది ఎవరైనా సినిమా తియ్యాలి. నన్ను చూస్తే సందు మార్చేవాళ్లు, నేను ఆశ వదులుకున్నవాళ్లు, పాత ఐదొందల నోట్లు పట్టుకొచ్చి "సేఠ్‌జీ, నా పాత హిసాబ్ ఎంతో చూడండి" అన్నారు. పుస్తకాల అడుగున ఉన్న పుస్తకాలు తీయాల్సొచ్చింది.

బట్టల బావ: మరి బ్యాంకు లైన్లో నిలబడింది ఎవరు?

కిరాణా బావ: నేనే. ఒకరోజు నేను, ఒకరోజు పిల్లడు. ఆ తర్వాత రెండు నెలలు ఎవరి దగ్గరా చిల్లర లేదు, అమ్మిందంతా మళ్లీ ఉధారే. కానీ చూడు, నోటు లేని రెండు నెలలూ ఈ బస్తీ అన్నం తిన్నాది. ఏ నోటుతో తిన్నాది? నా పుస్తకంలో రాసిన అంకెతో. సర్కారు నోటు చెల్లకుండా పోయిన రోజున చెల్లింది నా రాతే.

బట్టల బావ: ఆ మాట ఒప్పుకుంటాను. ఆ రెండు నెలలూ జుగ్‌సలాయి హోల్‌సేల్ సేఠ్ నీకు ఆగాడు కాబట్టి నువ్వు బస్తీకి ఆగావు. ఆయన ఆగకపోతే?

కిరాణా బావ: ఎందుకాగడు? మా నాన్న కాలం నుంచి సరుకు అక్కడే. ఒక నెల ఆలస్యమైతే ఒక మాట అంటాడు, రెండో నెల ఇంకో మాట అంటాడు. సరుకు మాత్రం ఆపడు. నేను పోతే ఆయనకీ ఒక గిరాకీ పోయినట్టే.

బట్టల బావ: అంటే నీ నిలకడ నీది కాదు. కింద బస్తీ, పైన సేఠ్, మధ్యలో నువ్వు. ఎవరు ముందు చెయ్యి వదిలినా మిగతా ఇద్దరూ పడాల్సిందే. నా విషయంలో కలకత్తా బడాబజార్ సేఠ్ వదిలాడు. ఆయన తప్పని అనను. ఆయన వెనక సూరత్ మిల్లువాడున్నాడు.

(ఇక్కడ ఇద్దరూ కాసేపు సేఠ్‌లని పోల్చుకున్నారు. జుగ్‌సలాయి ఆయన మంచివాడా, బడాబజార్ ఆయన మంచివాడా అన్నది మన విషయానికి అక్కర్లేదు. అక్కరకొచ్చేది దూరం. రిక్షాలో వెళ్లి ముఖం చూపించగలిగినంత దూరంలో ఉన్న అప్పులవాడు ఒక రకం, రైలెక్కి వెళ్లాల్సినవాడు ఇంకో రకం.)

కిరాణా బావ: ముఖం చూపించడమే గొప్ప విషయం. యాస్ తుపాను గుర్తుందా, 2021 మే 26న ఒడిశాలో తీరం దాటింది. మర్నాటికి ఇక్కడ రెండు నదులూ ప్రమాద స్థాయి దాటాయి. సోనారి, కద్మా, మాంగోల్లో పల్లపు బస్తీలన్నీ నీళ్లు. నా కొట్లో మోకాలి లోతు. కింది అరలో పిండి, పంచదార, ఉప్పు పోయాయి. ఖాతా పుస్తకం తడిసి ముద్దయిపోయింది. నీళ్లు తీశాక జనమే వచ్చి, నాదింత, నాదింత అని చెప్పారు. దీన్నేమంటావు?

బట్టల బావ: చెప్పినవాళ్లు చెప్పారంటాను. చెప్పనివాళ్ల పేర్లు ఆ తడిసిన కాగితంతోనే పోయాయి. వాళ్లెంతమందో నీకు తెలిసే దారే లేదు. వచ్చినవాళ్లనే లెక్కపెట్టి లోకం మంచిదంటున్నావు. పేపరువాళ్లూ అంతే, తెరిచున్న కొట్టుకెళ్లి ఎలా బతికారండీ అని అడుగుతారు. వాడు ఖాతా అంటాడు, నమ్మకం అంటాడు, ఫోన్‌లో ఆర్డర్లు తీసుకున్నానంటాడు. ఈ మూడూ చేసి మూసేసినవాడిని ఒక్కణ్ణి అడిగితే ఆ వ్యాసం నిలవదు.

కిరాణా బావ: మరి నువ్వే చెప్పు, నేనెందుకు బతికాను?

బట్టల బావ: సర్కారు జాబితాలో ఉన్నావు కాబట్టి. 2020 మార్చి 25, దేశమంతా మూసిన మొదటి రోజు. ఆ రోజు ఏ పండగో చెప్పు.

కిరాణా బావ: ఉగాది.

బట్టల బావ: ఉగాది. తర్వాత రామనవమి, ఆ తర్వాత పెళ్లిళ్లు. వాటికని సరుకు దింపాను. 90 రోజుల్లో బడాబజార్‌కి కట్టాలి. నువ్వు అత్యవసరం, నేను కాదు. ఆ ఏడు నా వంతు వచ్చేసరికి నీ తర్వాత చాలా రోజులు గడిచాయి, పెళ్లిళ్లు అయిపోయాయి. సరే, దుర్గాపూజకి చూసుకుందాం అనుకున్నాను. పూజ సగమే నడిచింది. 2021లో మళ్లీ సరుకు తెచ్చాను. రామనవమి ఏప్రిల్ 21. మర్నాడు 22 నుంచి జార్ఖండ్‌లో స్వాస్థ్య సురక్షా సప్తాహ్ అంటూ మళ్లీ మూత. పేరుకి వారం, పొడిగిస్తూ పోయారు. జూన్‌లో రాష్ట్రమంతా కొట్లు తెరవమన్నప్పుడు కూడా జంషెడ్‌పూర్‌లో బట్టలు, చెప్పులు, నగలు, అలంకరణ సామాన్లు వద్దన్నారు. రాంచీలో నాలాంటివాడు షట్టరెత్తాడు. నేను ఫోన్‌లో చూశాను. ఇందులో నా తెలివి, నా ధైర్యం, నా ఖాతాదార్లు ఏటి చేస్తారు?

కిరాణా బావ: జాబితాలోకి నేను లంచమిచ్చి ఎక్కలేదు కదా. జనం తినాలి. ఇంకో మాట, అత్యవసరం అంటే ఏటో నువ్వు చూడలేదు. కౌంటరు ముందు తాడు కట్టి, సున్నంతో గుండ్రాలు గీసి, పోలీసు విజిలు వేస్తుంటే రెండింటి లోపల అందరికీ కట్టివ్వాలి. ఒక్కొక్కడూ దగ్గుతుంటే ప్రాణం పోయేది. నాకు జ్వరం వచ్చిన తొమ్మిది రోజులూ మీ చెల్లి ఒక్కతే నిలబడింది. నువ్వు నష్టపోయింది డబ్బు. నేను పణం పెట్టింది ఒళ్లు.

బట్టల బావ: అదీ నిజమే. ఆ మాటకి ఎదురు చెప్పను.

కిరాణా బావ: అయితే నా వంతు కూడా విను. నీ దెబ్బ సగం జాబితా కొట్టింది, సగం నువ్వే కొట్టుకున్నావు. మార్కెట్లో అద్దె షట్టరు. నేనున్నది ఇంటి ముందు గది. నీ డబ్బు ఏడాదికి మూడుసార్లు తిరుగుతుంది: పెళ్లిళ్లు, పూజ, సంక్రాంతి. నాది పది రోజులకోసారి తిరుగుతుంది. గాలి మారిందని తెలియగానే పర్సుడీ మండీ నుంచి తెచ్చే బస్తాలు సగం చేశాను. ఖరీదు బిస్కట్లు, షాంపూ సీసాలు ఆపేసి రూపాయి పాకెట్లు పెట్టాను. కూరగాయలు అమ్మాను, మాస్కులు అమ్మాను, రీచార్జి చేశాను. పగ్గం నా చేతిలో ఉంది. నీ డబ్బంతా బీరువాలో మడతపెట్టి ఉంది.

బట్టల బావ: అది నీ తెలివి కాదు బావా, పప్పు తెలివి. పప్పు పది రోజుల్లో అమ్ముడవుతుంది. చీర అవ్వదు. మనిషి పూట మానడు, చీర మానుకుంటాడు.

కిరాణా బావ: ఆ పప్పునే ఎంచుకున్నాడు కదా మా నాన్న! 90ల్లో కంపెనీ ఈఎస్‌ఎస్ అంది, ముందే పని మానేసేవాళ్లకి పథకం. తీసుకుని, ముందు గది గోడ పగలగొట్టి కొట్టు పెట్టాడు. అప్పుడందరూ నవ్వారు. ఆ రోజుల్లో టాటా స్టీల్‌లో 78 వేల మంది దాకా ఉండేవారు. 2000ల మధ్యకి అందులో సగమే మిగిలారు. అంతమంది పని పోయినా ఈ ఊరు ఎందుకు కూలిపోలేదు? వెళ్లినవాళ్లకి ఒకేసారి మూట చేతిలో పెట్టి పంపలేదు, నెలనెలా జీతంలా ఇచ్చారు. మనిషి గేటులోకి పోకపోయినా నెలకోసారి నా దగ్గరికొచ్చి పుస్తకంలో గీత కొట్టించుకునేవాడు.

బట్టల బావ: ఇదిగో, అసలు సంగతి నీ నోటితోనే వచ్చింది! నిలబెట్టింది ఖాతానా, కంపెనీ నెల డబ్బా? ఈ ఊళ్లోనే గోల్మురీ వెళ్లు. కేబుల్ కంపెనీ 2000లో మూతపడింది. ఇరవై ఏళ్ల తర్వాత కూడా ఆ వ్యవహారం దివాలా ట్రిబ్యునల్‌లోనే నలిగింది. ఆ కాలనీలో ఉధార్ ఇచ్చిన కొట్లు లేవంటావా? ఇవాళ తెరుస్తారు, వచ్చే నెల తెరుస్తారు అని ఇచ్చే ఉంటారు. నీ అంత మంచివాళ్లే, నీ అంత తెలివైనవాళ్లే. ఉధార్ అంటే గేటు మళ్లీ తెరుచుకుంటుందని కాసే పందెం బావా. తెరుచుకుంటే నువ్వు దూరాలోచన ఉన్నవాడివి. తెరుచుకోకపోతే వెర్రివాడివి. నువ్వు చేసిన పని రెండుచోట్లా ఒకటే.

కిరాణా బావ: పందెమైతే కళ్లు మూసుకుని కాయలేదు. 2019 ఆగస్టులో బళ్లు అమ్ముడవక టాటా మోటార్స్ కొన్ని కొన్ని రోజులు మూస్తూ వచ్చింది. ఆదిత్యపూర్‌లో దాని మీద బతికే చిన్న ఫ్యాక్టరీల్లో ఠేకా వాళ్లకి పనుండేది కాదు. అప్పుడు ఎవరిని అడిగానో తెలుసా? మేనేజర్లని కాదు. పాన్ డబ్బా వాడిని, ఆటో వాడిని. ఏ గేటు దగ్గర ఎన్ని లారీలు ఆగి ఉన్నాయో వాళ్లకి తెలుసు. లారీలు కదులుతున్నాయన్నాక ఆ గేటు వాళ్లకి వారం నుంచి రెండు వారాలు పెంచాను. కదలని గేటు వాళ్లకి పెంచలేదు.

బట్టల బావ: ఆ కదలని గేటు వాళ్లు ఏం తిన్నారు?

(దీనికి కిరాణా బావ వెంటనే బదులు చెప్పలేదు. ఆయన చేతిలో ఉన్నది మంచి వ్యాపార పద్ధతే. ఏ బ్యాంకు మేనేజరైనా మెచ్చుకుంటాడు. కానీ ఆ పద్ధతి పనిచేసేకొద్దీ, ఎక్కువ అవసరమున్న ఇంటికే ముందు పుస్తకం మూతపడుతుంది. కొట్టు నిలకడకీ బస్తీ నిలకడకీ ఎక్కడ పొత్తు కుదరదో ఆ ప్రశ్నలో ఉంది. వ్యాసాల్లో ఈ రెండూ ఒకటే అన్నట్టు రాస్తారు, అది నాకు నచ్చదు.)

కిరాణా బావ: కొందరు ఊరెళ్లిపోయారు. అందరినీ నేను మొయ్యలేను కదా. అయినా మొయ్యగలిగినంత మోసేది మాలాంటివాళ్లే. తిత్లీ తుపాను గుర్తు తెచ్చుకో. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున పలాస దగ్గర తీరం దాటింది. ఉద్దానంలో మన చుట్టాలకి కరెంటు లేదు, ఫోను లేదు, ఏటీఎం లేదు. సర్కారు బండి వచ్చేలోపు బియ్యం ఇచ్చిందెవరు? సందు చివర కొట్టువాడు. అంతకి నాలుగేళ్ల ముందు హుద్‌హుద్‌కి విశాఖలోనూ అంతే. కార్డు మిషన్లు పనిచెయ్యని రోజున పెద్ద మాల్‌కెళ్లి, తర్వాత ఇస్తాను అని అడుగు చూద్దాం.

బట్టల బావ: మొదటి వారం ఇచ్చాడు, కాదనను. మొదటి వారానికి కొట్టువాడిని మించినవాడు లేడు. కానీ ఉద్దానంలో కూలింది కొబ్బరి. మొక్క నాటితే కాయ పడ్డానికి ఆరేడేళ్లు. ఆరేడేళ్లు ఉధార్ ఇచ్చే కొట్టు భూమ్మీద ఎక్కడుంది? జనం పనులకి ఊళ్లు వదిలి పోయారు. వారం కష్టానికి పనికొచ్చే మందుని ఏడేళ్ల కష్టానికి కూడా పనికొస్తుందని చెప్తే ఎలా? అక్కడ కావలసింది బీమా, పరిహారం, పని. కొట్టువాడి గొప్పదనం పాడుతూ కూచుంటే ఆ మూడూ అడగడం మర్చిపోతాం.

కిరాణా బావ: సరే, పెద్దవాళ్లయితే నిలబడ్డారా? బిగ్ బజార్ వచ్చినప్పుడు మన పని అయిపోయిందన్నారు. 2001లో మొదలై దేశమంతా పాకింది. 2022లో ఆ కంపెనీయే దివాలా కోర్టులో ఉంది. నేనిక్కడే ఉన్నాను. చిన్నవాడిగా ఉండటమే బలం. తక్కువ ఖర్చు, తక్కువ అప్పు.

బట్టల బావ: కంపెనీ మునిగితే కంపెనీ ఆస్తి వరకే పోతుంది, వాటాదారుల ఇళ్లు మిగులుతాయి. చట్టం అలా రాసుకున్నారు. నీకూ నాకూ ఆ గీత లేదు. కొట్టూ ఇల్లూ పుస్తెలూ అన్నీ ఒకే గల్లా. అసలు ఒకటి అడుగుతాను, దాచకుండా చెప్పు. 2020లో పర్సుడీ బాకీ ఎలా తీర్చావు?

కిరాణా బావ: ...బ్యాంకులో పెట్టి.

బట్టల బావ: ఏం పెట్టి?

కిరాణా బావ: నీకు తెలిసే అడుగుతున్నావు. గొలుసు, గాజులు. ఆ ఆగస్టులో రిజర్వు బ్యాంకు కూడా బంగారం విలువలో 75 శాతం దాకా ఇచ్చే అప్పుని 90 శాతం దాకా ఇవ్వొచ్చంది. ధర కూడా బాగుంది. మంచి సమయం అనుకున్నాను.

బట్టల బావ: మంచి సమయమే. ఆ బంగారం మా నాన్న పెట్టింది. నిలదొక్కుకుంది కొట్టా, మా చెల్లి మెడా? రాత్రి పదకొండు దాకా పప్పు తూచి పాకెట్లు కడుతుంది. నీ జ్వరంలో తొమ్మిది రోజులు నిలబడింది అని నువ్వే అన్నావు. దానికి జీతమెంత? నీ నూటికి ఎనిమిదిలోంచి దాని జీతం, నీ జీతం, పిల్లడి సైకిల్ డెలివరీ జీతం తీసెయ్. అప్పుడు ఎంత మిగిలిందో చెప్పు.

కిరాణా బావ: ఇంట్లోవాళ్లకి జీతాలేటి బావా. అలా లెక్కేస్తే ఈ దేశంలో ఒక్క కిరాణా కూడా లాభంలో ఉండదు.

బట్టల బావ: అదే నేననేది. లాభంలో లేని దాన్ని లాభంలో ఉందనుకుని, చూడండి ఎంత గట్టివాళ్లో అంటున్నారు. మా ఇంట్లోనూ అంతే. మీ అక్కయ్య చీటీ పాడి తెచ్చిన డబ్బుతో ఆరు నెలల అద్దె కట్టాను. చీటీ ఇంకా నడుస్తోంది, దుకాణం లేదు.

కిరాణా బావ: సర్కారు ఏదో ఇచ్చింది కదా, అడగలేదా?

బట్టల బావ: అడక్కుండా ఉంటానా! విను. 2020 మేలో అత్యవసర హామీ రుణం అన్నారు. ఎవరికి? బ్యాంకులో ముందే బాకీ ఉన్నవాడికి, ఆ బాకీలో 20 శాతం. నా బాకీ బడాబజార్‌లో, చీటీలో ఉంది. బ్యాంకులో లేదు. బ్యాంకు అప్పు లేనివాడు బుద్ధిమంతుడనుకున్నాను, అది నాకే అడ్డమొచ్చింది. వాయిదాలు ఆరు నెలలు ఆపుకోవచ్చన్నారు, షట్టరు ఓనరుకి అది వర్తించదు. ఇల్లు తాకట్టు పెడదామంటే మనది బస్తీ. ఈ 86 బస్తీలకి హక్కు పత్రాల మాట ప్రతి ఎన్నికలోనూ వింటున్నాం కదా. పత్రం లేని గోడల్ని ఏ బ్యాంకు తీసుకుంటుంది? 2021 జూన్ ఆఖర్న షట్టరు తాళం ఓనరుకిచ్చేశాను. జులై 2న ఢిల్లీ వాళ్లు చిల్లర వ్యాపారం కూడా ఎంఎస్‌ఎంఈ కిందికొస్తుంది, ఇకమీదట బ్యాంకులు ప్రాధాన్యంతో అప్పివ్వాలి అని చెప్పారు.

కిరాణా బావ: మూసేసిన వారానికా!

బట్టల బావ: అక్కడితో ఆగలేదు. దుకాణం పోయాక మిగిలిన చీరలు మూటగట్టి క్వార్టర్ల వెంట తిరిగాను. అప్పుడు ఎవరో చెప్పారు, వీధిలో అమ్మేవాళ్లకి స్వనిధి పథకం ఉంది, హామీ లేకుండా పదివేలు ఇస్తారని. వెళ్లాను. 2020 మార్చి 24కి ముందు నుంచి వీధిలో అమ్ముతున్నట్టు రుజువు కావాలట. ఆ తేదీకి నేను వీధిలో లేను, షట్టరు కింద ఉన్నాను. దుకాణదారుగా ఉన్నప్పుడు దుకాణదారుల పథకానికి పనికిరాలేదు, మూటవాడినయ్యాక మూటవాళ్ల పథకానికి ఆలస్యమైపోయాను.

కిరాణా బావ: అయినా నువ్వూ నిలబడ్డావు కదా బావా. ఫోన్‌లో స్టేటస్ పెడుతున్నావు, ఆర్డర్లొస్తున్నాయి. అద్దె లేదు, కరెంటు బిల్లు లేదు. పొందూరు ఖాదీ కావాలన్నవాళ్లకి తెప్పించి ఇస్తున్నావు. ఇదీ ఒక దారే.

బట్టల బావ: కాళ్లు విరిగినవాడు పాకుతుంటే కొత్త నడక నేర్చాడని మెచ్చుకోకు. దుకాణంలో ఇద్దరు కుర్రాళ్లుండేవారు. వాళ్లిద్దరికీ నెలకి జీతమిచ్చేవాడిని. ఇప్పుడు నా ఒక్కడికే సరిగా రాదు. ఒకడు సూరత్ వెళ్లాడు. ఇంకోడు సంచి తగిలించుకుని పది నిమిషాల్లో సరుకు తెచ్చిచ్చే కంపెనీ బండి నడుపుతున్నాడు, నీ గిరాకీలు లాక్కోవడానికి.

కిరాణా బావ: లాక్కోనీ. వాడు తెచ్చే ఉప్మారవ్వకి డబ్బు ముందే కట్టాలి. నెలాఖర్న నా దగ్గరికే వస్తారు.

బట్టల బావ: అదే ప్రమాదం. నెల మొదట్లో నగదు ఉన్నప్పుడు అక్కడ కొని, నెలాఖర్న లేనప్పుడు నీ దగ్గర రాయిస్తే, నగదు వాడికి, ఉధార్ నీకు. అప్పుడు జుగ్‌సలాయి సేఠ్‌కి ఏం చూపిస్తావు?

కిరాణా బావ: ...ఇది నేనూ గమనించాను. మొదటి వారం గిరాకీ తగ్గింది. ఆఖరి వారం తగ్గలేదు.

బట్టల బావ: మరి ఏటి చేస్తావు?

కిరాణా బావ: చెయ్యాలి. అడుగుదామనే నిన్ను కూచోబెట్టాను, నువ్వేమో పాత గొడవలెత్తావు. ముందు గదిలో ఎడమ గోడ ఖాళీ చేస్తున్నాను. నూటికి ఎనిమిది మీద ఇక నడవదు. నీ సరుక్కి నూటికి పాతిక, ముప్ఫై ఉంటుంది కదా. స్కూలు యూనిఫాంలు, లంగాలు, లుంగీలు, తువ్వాళ్లు పెడదాం. పట్టుచీరలొద్దు. రోజూ అమ్ముడయ్యేవే.

బట్టల బావ: అద్దె?

కిరాణా బావ: అద్దె లేదు. అమ్మినదాంట్లో భాగం.

బట్టల బావ: ఉధార్ ఇవ్వమంటావా?

కిరాణా బావ: యూనిఫాంకి ఇవ్వక తప్పదు. బడి తెరిచే నెలలో ఎవరి దగ్గరా డబ్బుండదు.

బట్టల బావ: ఎగ్గొట్టినది ఎవరి ఖాతాలో?

కిరాణా బావ: సగం సగం.

బట్టల బావ: గిరాకీ నీది, ముఖం చూసి ఇచ్చేది నువ్వు. ఎగ్గొట్టినది నీ ఖాతాలోనే.

కిరాణా బావ: సరుకు ఎంచేది నువ్వు. అమ్ముడవక మిగిలినది నీ ఖాతాలో.

బట్టల బావ: బిస్కట్ పాకెట్ తేదీ దాటితే కంపెనీవాడు వెనక్కి తీసుకుంటాడు కదా నీ దగ్గర. నా దగ్గర ఎవరు తీసుకుంటారు? మళ్లీ స్వాస్థ్య సప్తాహ్ లాంటిదొస్తే నీ కౌంటరు తెరిచుంటుంది, నా గోడ మూస్తారు. అప్పుడు?

కిరాణా బావ: అప్పుడు లుంగీని కూడా పప్పు కిందే రాస్తాను.

బట్టల బావ: నవ్వకు. కాగితం మీద రాద్దాం. మూత పడితే ఎన్ని నెలలు ఆగుతావో, మిగిలిన సరుకులో నీ వంతెంతో, చెల్లి పని గంటలకి ఎంతో. ఆ మూడో లెక్కకి నువ్వూ నేనూ చాలం, దాన్ని పిలు.

కిరాణా బావ: పిలిస్తే ముందు గాజులు విడిపించమంటుంది.

బట్టల బావ: అయితే అదే మొదటి షరతుగా రాయి.